చైనాతో భారత వాణిజ్యం: తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి చూస్తే ఏం కనిపిస్తోంది?

అలిపిరి అధ్యాపకుడు

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు వాణిజ్యశాస్త్రం బోధిస్తున్నాను. విదేశీ వాణిజ్యం పాఠం వచ్చినప్పుడు పట్టికలు రాయించి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. అందుకే మన జిల్లాల వారి అనుభవాలు తెలుసుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు లెక్కలు చెబుతాను. 2003–04లో చైనా నుంచి మన దిగుమతులు సుమారు 405 కోట్ల డాలర్లు, చైనాకు మన ఎగుమతులు సుమారు 295 కోట్ల డాలర్లు. దిగుమతులకూ ఎగుమతులకూ మధ్య తేడా, అంటే అప్పటి వాణిజ్య లోటు 110 కోట్ల డాలర్లే. 2024–25 నాటికి దిగుమతులు 11,345 కోట్ల డాలర్లకు పెరిగితే, ఎగుమతులు 1,425 కోట్ల డాలర్ల దగ్గర ఉండిపోయాయి. లోటు 9,900 కోట్ల డాలర్లు దాటింది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు అమరులైన తర్వాత చైనా వస్తువులను బహిష్కరించాలని దేశమంతటా పిలుపులు వచ్చాయి. ఆ ఆర్థిక సంవత్సరంలో 6,500 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉన్న దిగుమతులు ఆ తర్వాతి నాలుగేళ్లలో 70 శాతానికి పైగా పెరిగాయి.

ఎగుమతుల వైపు చూస్తే నాకు మరింత దిగులు కలుగుతుంది. 2021–22లో చైనాకు 2,100 కోట్ల డాలర్లకు పైగా సరుకు పంపిన మనం మరుసటి ఏడాది 1,530 కోట్ల డాలర్ల వద్దకు పడిపోయాం. 2022 మేలో కేంద్రం ఇనుప ఖనిజంపై ఎగుమతి సుంకాన్ని 50 శాతానికి పెంచి, అదే ఏడాది నవంబరులో దాన్ని ఉపసంహరించింది. ఆ పతనానికి ఇది ఒక ముఖ్య కారణం. ఒక్క ఖనిజం మీద సుంకం మారితే మొత్తం ఎగుమతులే ఊగిపోతున్నాయంటే, చైనాకు మనం అమ్ముతున్న సరుకుల పునాది ఎంత బలహీనంగా ఉందో అర్థమవుతుంది.

నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. కొనడం మానేసినంత మాత్రాన ఈ లోటు తగ్గదు. ముడిసరుకు మన చేతి నుంచి ఏ దశలో వెళ్లిపోతోంది, విడిభాగం ఏ దశలో మన చేతికి వస్తోంది అన్నది వస్తువు వారీగా చూసుకుని, ఒక్కొక్క దశనే మన వైపు తెచ్చుకోవాలి. అంగీకరించని వారు కారణాలతో రాయాలని కోరుతున్నాను.

గాంధీరోడ్డు దుకాణం

అధ్యాపకుల వారికి నమస్కారం. నేను అంగీకరించడం లేదు. బొమ్మలు, అలంకరణ దీపాలు అమ్ముకుని బతికే మాకు ప్రభుత్వం గట్టిగా అడ్డుకుంటే దిగుమతి తగ్గుతుందని అనుభవంలో తెలిసింది.

దర్శనానికి వచ్చిన కుటుంబం తిరుగు ప్రయాణానికి ముందు పిల్లలకు ఏదో ఒక బొమ్మ కొనడం ఇక్కడ మామూలే. 2019 వరకు మా దుకాణంలో ప్లాస్టిక్ బొమ్మలు దాదాపు అన్నీ చైనావే. చెన్నై ప్యారిస్ కార్నర్ నుంచి అట్టపెట్టెల్లో వచ్చేవి, వాటి మీద తయారీదారు పేరు కూడా ఉండేది కాదు. 2020 ఫిబ్రవరిలో దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మ అమ్మకూడదన్న నిబంధన అమలులోకి వచ్చింది. 2023లో సుంకం 70 శాతమైంది. దేశం మొత్తం మీద 2018–19లో 37 కోట్ల డాలర్లుగా ఉన్న బొమ్మల దిగుమతి 2021–22 నాటికి 11 కోట్ల డాలర్లకు పడిపోయింది. ఇప్పుడు మా అరల్లో ఉన్నవి ఎక్కువగా ఢిల్లీ, ముంబై వైపు తయారైనవి. మొదటి ఏడాది నాణ్యత బాగాలేదని కొనేవారు చాలా సణిగారు, ఇప్పుడు ఆ ఫిర్యాదు తగ్గింది.

బొమ్మల విషయంలో సాధ్యమైనది మిగతా వస్తువుల విషయంలో ఎందుకు సాధ్యం కాదు? కావలసింది పట్టుదల అని నేను నమ్ముతున్నాను.

రేణిగుంట ఎస్ఎంటీ

దుకాణం వారు చెప్పిన బొమ్మల ఉదాహరణ నిజమే కానీ, దాన్ని ఎలక్ట్రానిక్స్‌కు వర్తింపజేయలేం. నేను రేణిగుంట దగ్గరి ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్‌లో ఒక కర్మాగారంలో ఉత్పత్తి విభాగంలో పని చేస్తున్నాను. లోపల జరిగేది కొంచెం వివరంగా చెబుతాను.

సర్క్యూట్ బోర్డు మీద భాగాలను అమర్చే వరుసను మేము ఎస్ఎంటీ లైన్ అంటాం. ఖాళీ బోర్డు మొదట ముద్రణ యంత్రంలోకి వెళ్తుంది, అక్కడ దాని మీద సోల్డర్ పేస్టు పూత పడుతుంది. తర్వాత వచ్చే యంత్రం కెపాసిటర్లను, రెసిస్టర్లను, చిప్‌లను కంటికి అందని వేగంతో ఒక్కొక్కటిగా తీసి వాటి స్థానాల్లో పెడుతుంది. ఆ తర్వాత బోర్డు పొడవాటి కొలిమి గుండా ప్రయాణిస్తే సోల్డర్ కరిగి అన్నీ అతుక్కుంటాయి. ఆ కెపాసిటర్లు మాకు సినిమా రీలు లాంటి చుట్టల్లో వస్తాయి. ఒక్కో చుట్టలో వేలకొద్దీ ఉంటాయి, ఒక్కొక్కటి ఆవగింజలో సగం కూడా ఉండదు. చుట్ట మీది చీటీ చదివితే చైనా, తైవాన్, జపాన్, కొరియా పేర్లే కనిపిస్తాయి. ఖాళీ బోర్డు చైనాదే, కెమెరా మాడ్యూలు చైనాదే, బ్యాటరీ లోపలి సెల్ చైనాదే. మా దగ్గర జరిగేది అమర్చడం, పరీక్షించడం, పెట్టెలో పెట్టడం.

దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. 2014–15లో దేశంలో అమ్ముడైన ఫోన్లలో అధిక భాగం దిగుమతి చేసుకున్నవే, ఇప్పుడు దాదాపు అన్నీ ఇక్కడే తయారవుతున్నాయి. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టినప్పుడు సత్యవేడు, వరదయ్యపాళెం చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు వేలాదిగా ఆ వరుసల్లోకి వెళ్లారు. ఉత్పత్తిని బట్టి కంపెనీలకు ప్రోత్సాహకం ఇచ్చే పీఎల్ఐ పథకం 2020లో వచ్చాక ఎగుమతులు కూడా పుంజుకున్నాయి. అయితే ఫోను విలువలో మన దేశంలో చేరేది ఐదో వంతు దరిదాపుల్లోనే ఉంది. ఫోన్ల తయారీ పెరిగే కొద్దీ విడిభాగాల దిగుమతి కూడా పెరుగుతుంది. చైనా నుంచి మనకు వచ్చే వాటిలో విద్యుత్, ఎలక్ట్రానిక్ పరికరాలు, యంత్రాలు, సేంద్రియ రసాయనాలు, ప్లాస్టిక్‌లు కలిపితేనే మూడింట రెండు వంతులు దాటుతుంది. వీటిలో ఎక్కువ భాగం ఇంటికి కొనుక్కునే వస్తువులు కావు, కర్మాగారాలకు వచ్చే సరుకు. బొమ్మ ఆగితే పిల్లవాడు ఒక రోజు ఏడుస్తాడు. కెపాసిటర్ ఆగితే మా లైన్ మొత్తం ఆగి, షిఫ్టుకు వచ్చిన అమ్మాయిలు బస్సెక్కి వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.

ఎస్వీయూ అర్థశాస్త్రం

నమస్కారం. ఎంఏ అర్థశాస్త్రం చదువుతున్నాను. రేణిగుంట వారు రాసింది చదివాక నాకు ఒక సందేహం వచ్చింది. ఒక దేశంతో లోటు ఉండటమే తప్పు అనుకోవచ్చా? 2024–25లో అమెరికాకు మన ఎగుమతులు 8,650 కోట్ల డాలర్ల దాకా ఉన్నాయి, ఆ దేశంతో మనకు సుమారు 4,100 కోట్ల డాలర్ల మిగులు ఉంది. అదే ఏడాది మన స్మార్ట్‌ఫోన్ల ఎగుమతి 2,400 కోట్ల డాలర్లు దాటింది, అందులో పెద్ద వాటా అమెరికాకే వెళ్లింది. చైనా భాగాలతో ఇక్కడ అమర్చిన ఫోను అమెరికాకు వెళ్తే, ఒక ఖాతాలో లోటుగా, మరో ఖాతాలో మిగులుగా నమోదవుతుంది. ఈ రెంటినీ విడదీసి చూడటం సరైన పద్ధతేనా?

అలిపిరి అధ్యాపకుడు

మంచి ప్రశ్న వేశావమ్మా. రెండు దేశాల మధ్య లోటు దానంతట అది రోగం కాదు, అందులో సందేహం లేదు. ఏ దేశమూ ప్రతి దేశంతోనూ లెక్క సరిచూసుకుని వ్యాపారం చేయదు. నేను భయపడేది లోటు పరిమాణాన్ని చూసి కాదు, దాని స్వభావాన్ని చూసి. మనం కొంటున్న వాటికి ప్రత్యామ్నాయంగా మరొక దేశం అందుబాటులో లేకపోతే, అమ్మేవాడు ఒక్క ఉత్తర్వుతో మన కర్మాగారాలను ఆపగలడు. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన మూలకాల మీద, వాటి అయస్కాంతాల మీద ఎగుమతి నియంత్రణలు పెట్టినప్పుడు మన వాహన పరిశ్రమ అనుభవించింది అదే. విద్యుత్ వాహనం మోటారులో ఆ అయస్కాంతం ఖరీదు మొత్తం బండి ధరలో చాలా చిన్న భాగం, అయినా అది లేనిదే బండి బయటికి రాదు.

పలమనేరు మల్బరీ

అందరికీ నమస్కారం. ఫోన్ల సంగతి నాకు తెలియదు. పట్టు సంగతి తెలుసు, కాబట్టి అదే రాస్తాను.

పలమనేరు, కుప్పం, వి.కోట, మదనపల్లె ప్రాంతాల్లో మల్బరీ సాగు చేసి పట్టుపురుగులు పెంచే కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రపంచంలో పట్టు ఉత్పత్తిలో చైనా మొదటిది, మన దేశం రెండోది. వాడకంలో మాత్రం మనమే మొదటి స్థానంలో ఉన్నాం. అందువల్ల మా పట్టుగూళ్ల ధర మా మార్కెట్‌లో తేలదు, చైనా పట్టు ఏ ధరకు రేవులో దిగుతోందన్న దాని మీద తేలుతుంది. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు మీద సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి తగ్గించారు. ఆ సంవత్సరం గూళ్ల ధర ఎలా కూలిందో మా ప్రాంత రైతులెవరూ మరచిపోలేదు. కర్ణాటకలో రైతులు రోడ్డెక్కారు. మా ఊళ్లో కొందరు మల్బరీ తోట దున్నేసి టమోటా పెట్టారు, వాళ్లలో మళ్లీ పురుగుల పెంపకానికి వచ్చినవారు తక్కువ. 2013లో సుంకాన్ని 15 శాతానికి పెంచారు, మధ్యలో తగ్గించారు, 2021లో 10 నుంచి మళ్లీ 15 శాతం చేశారు. మల్బరీ తోట ఒకసారి పెడితే పదేళ్లకు పైగా ఆకు ఇస్తుంది. ఆ తోట మీద అప్పు తెచ్చిన రైతుకు సుంకం ఇలా కొన్నేళ్లకోసారి మారుతూ ఉంటే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొక విషయం చెప్పాలి. నేతగాడు చైనా పట్టును ఇష్టపడటానికి ధర ఒక్కటే కారణం కాదు. మగ్గం మీద పడుగు దారం (నిలువు దారం) నిరంతరం బిగుతుగా ఉంటుంది కాబట్టి తెగకూడదు, మందం ఒకేలా ఉండాలి. బైవోల్టిన్ అనే మేలు రకం పట్టుపురుగుల గూళ్ల నుంచి మంచి యంత్రం మీద తీసిన దారానికే ఆ గుణం ఉంటుంది. మన సంకర జాతి గూళ్ల దారం పేకకు (అడ్డదారానికి) చక్కగా సరిపోతుంది కానీ, మరమగ్గం మీద పడుగుగా వేస్తే తరచూ తెగుతుంది. తెగిన ప్రతిసారీ మగ్గం ఆపి ముడి వేయాలి, ఆ ముడి చీర మీద కనిపిస్తుంది. అందుకే పడుగు చైనాది, పేక మనది అన్న అలవాటు ఏళ్ల తరబడి సాగింది. ఇప్పుడు బైవోల్టిన్ పెంపకం మా వైపు బాగా పెరిగింది. షెడ్డులో ఉష్ణోగ్రత, తేమ జాగ్రత్తగా చూసుకుంటే మన గూడు వాళ్ల గూటికి తీసిపోదని నేను ధైర్యంగా చెప్పగలను. దుకాణం వారు చెప్పిన సుంకమూ కావాలి, అధ్యాపకుల వారు చెప్పిన దశల మార్పూ కావాలి. సుంకం నిలకడగా ఉంటే నాణ్యత పెంచుకునే గడువు మాకు దొరుకుతుంది.

గూళ్ల నుంచి దారం తీసే ఆటోమేటిక్ రీలింగ్ యంత్రాలు కూడా మొదట చైనా నుంచే తెప్పించుకున్నారు. వాళ్ల యంత్రం కొని వాళ్ల దారాన్ని మానుకోగలిగితే అది నష్టపు బేరం కాదని నా అభిప్రాయం.

కుప్పం రాయి

మల్బరీ అన్న రాసిన చివరి మాట మా గ్రానైట్‌కు కూడా అక్షరాలా వర్తిస్తుంది. మాది క్వారీ పని. కుప్పం గ్రీన్ పేరుతో విదేశాలకు వెళ్లే రాయి ఇక్కడిదే.

క్వారీలో డైమండ్ వైర్‌తో కోసిన దిమ్మెను రెండు రకాలుగా చూస్తారు. పగులు, మచ్చ లేకుండా పెద్దగా వచ్చినది గ్యాంగ్‌సా (ఒకేసారి పలకలుగా కోసే పెద్ద రంపపు యంత్రం) సైజు, చిన్నది కట్టర్ సైజు. మంచి దిమ్మెలు లారీల మీద చెన్నై రేవుకు వెళ్లి, అక్కడి నుంచి ఓడలో చైనాలోని షియామెన్ రేవుకు చేరతాయి. అక్కడికి దగ్గరలోని షుయిటౌ అనే పట్టణం రాళ్లు కోసి మెరుగుపెట్టే కర్మాగారాలకు ప్రపంచ ప్రసిద్ధి. మన రాయి అక్కడ పలకలుగా, సమాధి శిలలుగా మారి ఇతర దేశాలకు వెళ్తుంది. దిమ్మెగా అమ్మినప్పుడు మనకు దక్కేది ఘనపు మీటరు లెక్కన ఒక ధర. పలకగా అమ్మినవాడికి దక్కేది చదరపు మీటరు లెక్కన, అదీ మెరుగుకు, మందానికి, అంచుల నునుపుకు విడివిడిగా. కొండ తరిగిపోయేది మన దగ్గర, ధూళి పీల్చేది మన కూలీలు. దీన్ని తలచుకుంటే నిద్ర పట్టదు.

మన దగ్గర కోత కర్మాగారాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ పాత గ్యాంగ్‌సాతో ఒక దిమ్మె కోయడానికి రోజులు పడుతుంది. కొత్త మల్టీవైర్ యంత్రం అదే పనిని గంటల్లో చేస్తుంది, పలకలు కూడా సమంగా వస్తాయి. ఆ యంత్రం పెట్టాలంటే పెట్టుబడి, అంతరాయం లేని కరెంటు, రాయి నిరంతరంగా దొరుకుతుందన్న హామీ మూడూ కావాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా యజమాని దిమ్మెను ఓడ ఎక్కించడానికే మొగ్గుతాడు, అతన్ని తప్పుపట్టలేం.

గాంధీరోడ్డు దుకాణం

కుప్పం వారు చెప్పినది బాధగా ఉంది. మరి ముడిరాయి ఎగుమతినే నిషేధిస్తే సరిపోదా?

కుప్పం రాయి

సరిపోదు సార్. ఇక్కడ కోసే సామర్థ్యం పెరగక ముందు నిషేధిస్తే క్వారీలు మూతపడతాయి, కొనేవాడు బ్రెజిల్, ఆఫ్రికా రాళ్ల వైపు వెళ్తాడు. ముందు కోసే యంత్రాలు రావాలి, తర్వాతే దిమ్మెల ఎగుమతి మీద ఆంక్షల గురించి మాట్లాడాలి.

అలిపిరి అధ్యాపకుడు

తిరుపతి నుంచి చైనాకు చేరే మరో రెండు సరుకుల గురించి ఇక్కడ రాయడం అవసరం.

మొదటిది తలనీలాలు. కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను తిరుమల తిరుపతి దేవస్థానం పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది. ఆ జుట్టుకు ప్రపంచంలో మంచి పేరుంది, ఎందుకంటే కుదుళ్లన్నీ ఒకే వైపు ఉండేలా ఒకేసారి తీసిన జుట్టు చిక్కుపడదు. మరో రకం, ఇంటింటా దువ్వెనకు వచ్చిన జుట్టును స్టీలు గిన్నెలకో, పిన్నులకో మార్పిడి చేసుకునే వారు సేకరించే చిక్కుజుట్టు. ఈ రెండో రకం పెద్ద మొత్తంలో చైనాకు వెళ్తుంది. అక్కడ హెనాన్ రాష్ట్రంలోని షుచాంగ్ నగరం విగ్గుల పరిశ్రమకు కేంద్రం. ముడిజుట్టు మయన్మార్ మీదుగా దొంగదారిన వెళ్లిపోతోందని, దానివల్ల ఇక్కడ జుట్టును శుభ్రపరిచి, పొడవుల వారీగా కట్టలు కట్టే పనివారికి పని దొరకడం లేదని మన ఎగుమతిదారులే ఫిర్యాదు చేశారు. 2022 జనవరిలో కేంద్రం ముడిజుట్టు ఎగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత కిలోకు 65 డాలర్ల కంటే తక్కువ ధరకు ఎగుమతి చేయడాన్ని నిషేధించింది. అంటే విలువ జోడించిన జుట్టు వెళ్లవచ్చు, చిక్కుజుట్టును చవకగా పంపకూడదు. కుప్పం వారి రాయికి కూడా ఇటువంటి కనీస ధర పద్ధతి పనికొస్తుందేమో ఆలోచించాలి.

రెండోది ఎర్రచందనం. ప్రధానంగా శేషాచలం, పాలకొండ, వెలికొండ, నల్లమల అడవుల్లో సహజంగా పెరిగే ఈ చెట్టు, ప్రమాదంలో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఉంది. అడవిలోని చెట్టును నరికి ఎగుమతి చేయడానికి అనుమతి లేదు. పట్టుబడిన దుంగలను మాత్రం కేంద్రం ప్రత్యేక అనుమతితో రాష్ట్ర ప్రభుత్వం అంతర్జాతీయ ఈ-వేలంలో అమ్ముతోంది. చైనాలో రాజుల కాలం నాటి నమూనాలో చేసే గృహోపకరణాలకు ఈ చెక్క కోసం భారీ గిరాకీ ఉంది. దొంగచాటుగా దాటిపోయే దుంగల విలువ ఏ వాణిజ్య పట్టికలోనూ ఉండదు. ఇటు ఏర్పేడు మండలం మాధవమాలలో తరతరాలుగా చెక్కపని చేస్తున్న కుటుంబాలు ఉన్నాయి. ఒకప్పుడు తిరుపతి బొమ్మ అంటే ఎర్రచందనం బొమ్మే. స్వాధీనం చేసుకున్న నిల్వల్లో నిర్ణీత భాగాన్ని ఏటా తప్పకుండా ఈ కళాకారులకు కేటాయించి, పూర్తయిన శిల్పాన్ని ఎగుమతి చేస్తే ఎంత బాగుంటుందో! దుకాణం వారికి తెలిసే ఉంటుంది, నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు నిబంధన నుంచి మినహాయింపు కూడా ఉంది.

చెన్నై రేవు పత్రాలు

ఆలస్యంగా చేరుతున్నాను. సత్యవేడు మా సొంత ఊరు, చెన్నైలో కస్టమ్స్ క్లియరెన్స్ పనిలో ఉన్నాను. రోజూ బిల్ ఆఫ్ ఎంట్రీలు, అంటే దిగుమతి సరుకు వివరాల పత్రాలు దాఖలు చేసే వాడిగా రెండు విషయాలు చెప్పాలనుకుంటున్నాను.

ఒకటి, చైనా నుంచి వచ్చే సరుకు అంతా చైనా పేరుతోనే రాదు. ఆగ్నేయాసియా దేశాలతో మనకు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది కాబట్టి, చైనా సరుకును ఆ దేశాల్లో ఒకదానికి పంపి, అక్కడ చిన్న మార్పు చేసి, సరుకు ఆ దేశంలోనే తయారైందని చెప్పే మూల ధ్రువపత్రంతో తక్కువ సుంకానికి దించే ప్రయత్నాలు జరుగుతుంటాయి. అందుకే 2020 సెప్టెంబరు నుంచి కారోటార్ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ధ్రువపత్రం ఒక్కటే చాలదు, సరుకులో ఆ దేశంలో ఎంత విలువ చేరిందో దిగుమతిదారు వివరాలు చూపించాలి. బొమ్మల విషయంలో సుంకం, ఐఎస్ఐ గుర్తు రెండూ కలిసి పని చేశాయి. సుంకం ఒక్కటే పెంచి ఉంటే పక్కదారి వెతుక్కునేవారు.

రెండోది, సుంకం వేయాలని ఉన్నా వేయలేని చోట్లు ఉన్నాయి. 1997లో మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలోని సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, ఎన్నో ఎలక్ట్రానిక్ వస్తువుల మీద సుంకాన్ని సున్నాకు తెచ్చింది. తర్వాత ఫోన్ల మీద సుంకం వేస్తే ఐరోపా సంఘం, జపాన్, తైవాన్ ఫిర్యాదు చేశాయి. 2023 ఏప్రిల్‌లో వివాద పరిష్కార బృందం మనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది, మన ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. పూర్తయిన వస్తువు మీద తక్కువ సుంకం, దాని విడిభాగం మీద ఎక్కువ సుంకం ఉండటం మరో చిక్కు. అప్పుడు ఇక్కడ తయారు చేసేవాడు దిగుమతి చేసుకునేవాడికంటే నష్టపోతాడు. 2025–26 బడ్జెట్‌లో ఇంటరాక్టివ్ తెరల (తాకి వాడే పెద్ద తెరల) తయారీకి కావలసిన ఓపెన్ సెల్ అనే లోపలి ప్యానెల్ మీద సుంకాన్ని 5 శాతానికి తగ్గించి, పూర్తయిన ఇంటరాక్టివ్ తెరల మీద 20 శాతానికి పెంచారు. ఇటువంటి సవరణే కావలసింది. మన తిరుపతి దగ్గర టీసీఎల్ అనుబంధ సంస్థ డిస్‌ప్లే కర్మాగారం ఉంది కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

గాంధీరోడ్డు దుకాణం

అయ్యా, చైనా సంస్థే వచ్చి మన భూమిలో కర్మాగారం పెడితే అది మన తయారీ ఎలా అవుతుంది? లాభం అక్కడికే కదా వెళ్తుంది?

రేణిగుంట ఎస్ఎంటీ

లాభంలో వాటా వెళ్తుంది, నిజమే. కానీ జీతం, పని నేర్పు ఇక్కడే ఉంటాయి. 2020 ఏప్రిల్‌లో కేంద్రం ప్రెస్ నోట్ 3 తెచ్చి, సరిహద్దు దేశాల నుంచి వచ్చే ప్రతి పెట్టుబడికీ ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసింది. భద్రత దృష్ట్యా అది అవసరమే. అయితే యంత్రం బిగించడానికి రావలసిన చైనా సాంకేతిక నిపుణుడికి వీసా ఆలస్యమైతే యంత్రం పెట్టెలోనే ఉండిపోతుంది. పలమనేరు అన్న చెప్పినట్టు, వాళ్ల యంత్రం తెచ్చుకుని పని నేర్చుకోవడంలో చిన్నతనం లేదు. చైనా కూడా 1980ల తర్వాత విదేశీ సంస్థలను రప్పించుకుని అలాగే నేర్చుకుంది.

మన దగ్గర మొదలైనవి కూడా ఉన్నాయి. చెన్నైకి చెందిన మునోత్ సంస్థ 165 కోట్ల రూపాయలతో తిరుపతి క్లస్టర్‌లో లిథియం అయాన్ సెల్‌ల కర్మాగారం పెట్టింది, 2022 సెప్టెంబరులో ఉత్పత్తికి ముందస్తు ప్రారంభం జరిగింది. రోజుకు 10 ఆంపియర్ అవర్ల సెల్‌లు 20,000 చేయగల సామర్థ్యం దానిది. 2025లో కేంద్రం 22,919 కోట్ల రూపాయలతో విడిభాగాల తయారీ పథకం తెచ్చింది. ఖాళీ సర్క్యూట్ బోర్డులు, కెమెరా మాడ్యూళ్లు, సెల్‌లు దాని పరిధిలోకి వస్తాయి. నాయుడుపేటలో సర్క్యూట్ బోర్డుల కర్మాగారానికి సిర్మా ఎస్‌జీఎస్ ప్రతిపాదన కూడా వచ్చింది. నేను పైన రాసిన జాబితాలో ఖాళీ బోర్డు మొదటిది. అది మన పక్క ఊరి నుంచి వచ్చే రోజు కోసం నిజంగా ఎదురు చూస్తున్నాను.

అలిపిరి అధ్యాపకుడు

దీనికి మందుల రంగం నుంచి ఒక ఉదాహరణ చేర్చవచ్చు. పెన్సిలిన్-జి తయారీ ఒకప్పుడు మన దేశంలో ఉండేది. 1990ల్లో చైనా ధరలకు తట్టుకోలేక ఆగిపోయింది. 2024లో కాకినాడ దగ్గర మళ్లీ మొదలైంది. పోగొట్టుకున్న దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మూడు దశాబ్దాలు పట్టింది. చవకగా వస్తోంది కదా అని ఒక పరిశ్రమను వదిలేసే ముందు ఈ కాలాన్ని కూడా ఖర్చులో లెక్క వేయాలి.

ఎస్వీయూ అర్థశాస్త్రం

ఈ చర్చ నా ప్రాజెక్టుకు చాలా ఉపయోగపడింది. మన జిల్లాల సరుకుల్లో ముడి దశలో ఎంత వెళ్తోంది, పూర్తయిన దశలో ఎంత వెళ్తోంది అని సంవత్సరాల వారీగా పోల్చాలనుకుంటున్నాను. ఎక్కడ వెతకాలో రేవు పత్రాల వారు చెప్పగలరా?

చెన్నై రేవు పత్రాలు

తప్పకుండా చెబుతానమ్మా. కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఎగుమతి దిగుమతుల గణాంక నిధి ఉంది. దేశం పేరు, హెచ్ఎస్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే అంతర్జాతీయ సంఖ్య) ఇస్తే సంవత్సరాల వారీగా విలువలు వస్తాయి. జంటలుగా చూడు. గ్రానైట్ దిమ్మెలకు 2516, మెరుగుపెట్టిన రాయికి 6802. ముడిజుట్టుకు 0501, శుభ్రపరిచి సిద్ధం చేసిన జుట్టుకు 6703, విగ్గులకు 6704. పట్టుగూళ్లకు 5001, ముడిపట్టుకు 5002, పట్టు వస్త్రానికి 5007. ఫోన్లు 8517లో, బ్యాటరీలు 8507లో ఉంటాయి. చైనాతో పాటు హాంకాంగ్‌ను కూడా విడిగా తీసి చూడాలి, కొంత సరుకు ఆ దారిన నడుస్తుంది. జిల్లాల వారీ వివరం ఈ కోడ్‌లలో రాదు. దాని కోసం కుప్పం రాయి వారి వంటి వారిని అడగాల్సిందే.

కుప్పం రాయి

అడగమ్మా, మా క్వారీకి రా. దిమ్మె కొలతలు ఎలా రాస్తారో, ఏది గ్యాంగ్‌సా సైజుగా ఒప్పుకుంటారో చూపిస్తాను. ఆ కొలతలో కొట్టేసే తరుగు దగ్గరే ధర సగం తేలుతుంది.

పలమనేరు మల్బరీ

5002లో 2010 నుంచి చూడు తల్లీ. సుంకం మారిన ప్రతి ఏడాదీ పక్కనే మా మార్కెట్‌లో గూళ్ల కిలో ధర రాసుకో. పాత ధరలు పట్టుపరిశ్రమ శాఖ మార్కెట్ కార్యాలయంలో దొరుకుతాయి, దొరకకపోతే మా రైతుల దగ్గర చీటీలు భద్రంగా ఉన్నాయి.